మైల నీళ్లు

మా తమ్ముడు మనోహర్‌కు చేపలంటే ప్రాణం. తినడానికి కాదు, పెంచుకోవడానికి. ఆ మాట ముందే చెప్పాలి, ఎందుకంటే వాడు పోయిన మూడో రోజు మా చిన్నాయన చేపల పులుసు వండించుకొచ్చి, వాడికి ఇష్టమంటూ విస్తట్లో పెట్టించాడు. ఇంట్లో గాజు తొట్టి పెట్టినప్పటి నుంచి వాడు చేప ముక్క ముట్టలేదని సిరిసిల్లలో వాడకట్టు మొత్తానికి తెలుసు, మా చిన్నాయనకు తప్ప. నేను నోరు తెరవబోతే మా కన్నతల్లి గంగవ్వ నా చేయి పట్టుకుని ఆపింది. మేం ఆమెను అవ్వ అనే పిలుస్తాం. చావు దగ్గర పెత్తనం చేసేవాళ్లతో వాదించి గెలిచినవాళ్లు ఎవరున్నారు కనుక.

మా దిక్కు మూడో రోజు పిట్టకు పెడతారు. పోయినవాడికి నచ్చినవన్నీ విస్తట్లో వడ్డించి, దూరంగా నిలబడి కాకి కోసం చూస్తారు. కాకి ముడితే వాడి మనసు నిమ్మళించినట్టు. ముట్టకపోతే ఏదో కోరిక మిగిలిపోయినట్టు. అప్పుడు ఒక్కొక్కరే ముందుకు వచ్చి వాడికి మాట ఇవ్వాలి.

మానేరు ఒడ్డున ఎండ మండుతోంది. కాకులు కరెంటు తీగ మీద వరుసగా కూర్చున్నాయి కానీ ఒక్కటీ దిగలేదు. "నీ సాంచలను ఆగనియ్యం" అన్నాడు చిన్నాయన. సాంచలంటే పవర్‌లూములు. మనోహర్ బతుకంతా వాటి మీదే గడిచింది. కాకి దిగలేదు. "మా చెల్లెను మేం చూసుకుంటం బావా" అన్నాడు మనోహర్ భార్య రమ వాళ్ల అన్న. కాకి అప్పుడూ దిగలేదు. రమ నిలబడడమే గొప్ప అన్నట్టుంది.

అప్పుడు అవ్వ చేతికర్ర నాకిచ్చి, ముందుకు నడిచి, విస్తరి దగ్గర చేతులు జోడించింది.

"కొడుకా, నీ చేపలను నేను చూసుకుంట. ఆకలితోని ఒక్కదాన్ని సుత సావనియ్య. నా మాట నమ్ము."

తీగ మీది కాకి ఒకటి దిగి, అటూ ఇటూ చూసి, ముక్క నోట పట్టుకుని ఎగిరిపోయింది. పట్టుకుపోయింది చేప ముక్కే. అది మాట కోసం వచ్చిందో, పులుసు కోసం వచ్చిందో ఆ పైవాడికే తెలియాలి. నాకు అలాంటివాటి మీద పెద్ద నమ్మకం లేదు. కానీ అవ్వ ముఖం చూసి నేను కూడా దండం పెట్టాను. ఆమె మూడు రోజుల తర్వాత ఆ పూట నాలుగు మెతుకులు తిన్నది.

ఇక తొట్టి సంగతి. మనోహర్ పెళ్లికి ముందు మస్కట్‌లో ఒక హోటల్లో పనిచేశాడు. అక్కడ గోడంత గాజు తొట్లు ఉండేవట. వాటి ఫిల్టర్లు కడగడమే వీడి పని. తిరిగొచ్చి సాంచలు పెట్టుకున్నాక కూడా ఆ పిచ్చి పోలేదు. ముందు గదిలో తొట్టి పెట్టి బంగారు చేపలు వేశాడు. ఇంటి వెనకే కార్ఖానా. సాంచలు ఆడుతుంటే నూలు దుమ్ము లేచి అన్నం కంచాల మీద కూడా పడుతుంది, తొట్టి మీద పడదా? ఫిల్టరులోని స్పాంజి ఊరికే పూడుకుపోయేది. ఆదివారం వచ్చిందంటే వాడు దాని ముందు బాసింపట్టు వేసుకుని కూర్చునేవాడు.

తొట్టి నీళ్లే ఒక బకెట్లోకి తీసేవాడు. స్పాంజిని ఆ నీళ్లలోనే ముంచి, రెండుసార్లు మెల్లగా నొక్కి, మళ్లీ ఫిల్టరులో పెట్టేవాడు. నల్లా కింద పెట్టేవాడు కాదు. నేను ఒకసారి ఊరుకోలేక అడిగాను.

"ఏం కడుగుడురా అది? సగం మురికి దాంట్లనే ఉన్నది. నల్లా కింద పెట్టి గట్టిగ పిండరాదు?"

"మొత్తం పిండద్దక్కా. కొంచెం మురికి ఉండనియ్యాలె. గా మురికిల కంటికి కనవడని జీవాలుంటయి. చేపలు తిని ఏరుగుతయి గద, గా విషాన్ని ఇయ్యే తింటయి. నల్లా నీళ్లల్ల మందు ఉంటది. గది తగిల్తే ఇయి సస్తయి. ఇయి సస్తే చేపలు సస్తయి."

"మురికిని గూడ సాదుతున్నవన్నట్టు" అన్నాను. వాడు నవ్వాడు. వాడి నవ్వు మా నాయన నవ్వులా ఉండేది.

కోరుట్లలో నా ఇంట్లో కూడా ఒక చిన్న తొట్టి పెట్టాడు, నా బిడ్డ వర్ష అడిగిందని. అసలే తా దూర సందు లేదు, మెడకో డోలు. రెండు గదుల ఇల్లు. బీడీల చాటలకే చోటు చాలదు. తన స్పాంజిలో సగం కోసి తెచ్చి అందులో పెట్టాడు. కొత్త తొట్టికి పాత మురికి ఉంటేనే చేపలు నిలుస్తాయట, పాలకు తోడు వేసినట్టు. అంతవరకు బాగానే ఉంది. నన్ను మాత్రం దాన్ని ముట్టనిచ్చేవాడు కాదు. "నువ్వు బీడీలు చేస్తవక్కా. నీ చేతులకు తంబాకు ఉంటది. చేపలకు విషం" అనేవాడు. నా చేతులు విషమా అని నేను నెల రోజులు వాడితో సరిగా మాట్లాడలేదు. "అయితే నీ మురికి నువ్వే కడుక్కో" అన్నాను. వాడు నిజంగానే నెలకోసారి సిరిసిల్ల నుంచి బండి మీద వచ్చి కడిగిపోయేవాడు. వచ్చిన ప్రతిసారీ నా చేతి జొన్నరొట్టె తిని పోయేవాడు. ఇప్పుడు అనిపిస్తుంది, వాడు స్పాంజి కోసం వచ్చాడో, నా కోసం వచ్చాడో.

అలాంటివాడు సాంచ మీద తెగిన దారం అతుకుతూ కూలిపోయాడు. గుండె అన్నారు. ఆస్పత్రికి తీసుకుపోయేసరికే అయిపోయింది.

పెద్దకర్మ నాడు మేమంతా రమను తీసుకుని మానేరుకు పోయాం. అక్కడ ఆమె గాజులు తీయించారు. ఎవరు పెట్టారో ఈ ఆచారం, వాళ్ల నోట్లో మన్ను పడ. నేను ఆ పూట నోరు మూసుకుని నిలబడ్డానంటే అవ్వ మీది గౌరవంతోనే. అవ్వ మాత్రం ఇంటి దగ్గరే ఉండిపోయింది. ఆమెతో పాటు ఆమె అక్క ఐలమ్మ పెద్దమ్మ ఉంది. మేం తిరిగి వచ్చేసరికి ఇల్లు కడగాలి, మైల తీయాలి.

మైల తీయడమంటే మాటలు కాదు. వాడి పరుపు, చెప్పులు బయటపడేసి కాల్చేశారు. వాడి అంగీలు ఎవరెవరికో ఇచ్చేశారు. దుప్పట్లతో సహా ఉన్న బట్టలన్నీ ఉడకేశారు. గోడలకు సున్నం వేశారు. ఇంట్లో ఉన్న నిలవ నీళ్లు చుక్క లేకుండా పారబోశారు. చావు జరిగిన నాటి నీళ్లు ఇంట్లో ఉండకూడదు. కుండలో నీళ్లు, గోలెంలో నీళ్లు, చివరికి దేవుడి చెంబులో నీళ్లు కూడా పోయాలి. ఐలమ్మ పెద్దమ్మ ఇల్లంతా కలియజూసి తొట్టి దగ్గర ఆగిందట.

"గంగా, గీ నీళ్లు గూడ ఆనాటియే గద" అన్నదట.

అవ్వ చేపలను పట్టి బిందెలో వేసింది. తొట్టి నీళ్లన్నీ వాకిట్లో పారబోసింది. గులకరాళ్లను బియ్యం కడిగినట్టు కడిగింది. ఫిల్టరులోంచి స్పాంజి తీసి, నల్లా కింద పెట్టి, నీళ్లు తెల్లగా వచ్చేదాకా పిండింది. తర్వాత పసుపు నీళ్లలో ముంచి దండెం మీద ఎండకు ఆరేసింది. ఆరాక దాన్ని మళ్లీ ఫిల్టరులో పెట్టి, తొట్టికి నల్లా నీళ్లు పట్టి, చేపలను వదిలింది. కొడుకుకు మాట ఇచ్చింది కదా. వాడి చేపలు మైల నీళ్లలో ఎందుకుండాలి అనుకుంది. మేం వచ్చేసరికి తొట్టి తళతళలాడుతోంది. చూసి నేను కూడా బాగుందనే అనుకున్నాను. రమ దాన్ని చూడనేలేదు. వానలో తడిసినదానిలా వచ్చి, లోపలి గదిలో మూలకు, గోడవైపు ముఖం పెట్టి కూర్చుంది. నెల మాసికం దాకా ఆమె చోటు అదే.

నేను కొన్నాళ్లు అక్కడే ఉండిపోయాను. అవ్వ చేపలకు పొద్దున చాయ్ తాగినప్పుడు తిండి గింజలు వేసేది, అన్నం తిన్నప్పుడు వేసేది, పరామర్శకు వచ్చినవాళ్లు లేచిపోయాక మళ్లీ వేసేది. "కడుపు నిండా తినుర్రి" అని వాటితో మాట్లాడేది. తినగా మిగిలిన గింజలు రాళ్ల సందున చిక్కుకుని నానుతుండేవి. మూడు, నాలుగు రోజులకు నీళ్లు బియ్యం కడుగులా మారాయి. చేపలు పైకి వచ్చి నోళ్లు తెరిచి గాలి మింగసాగాయి.

ఒక పొద్దున ఒకటి వెల్లకిలా తేలింది.

అవ్వ దాన్ని చేతిలోకి తీసుకుని చాలాసేపు అలాగే నిలబడింది. సాంచ మీద నేసిన కొత్త గుడ్డ ముక్క చింపి, దాన్ని అందులో చుట్టి, కనకాంబరాల చెట్టు కింద పూడ్చి వచ్చి గడప మీద కూర్చుంది. "వాడు నా మీద అలిగిండు జమునా" అన్నది నాతో. "మాటిచ్చి తప్పిన్నని అలిగిండు. ఇగ వానికి ఎక్కడ నిమ్మళం?"

కాకి సంగతి నేను నమ్మినా నమ్మకపోయినా ఒకటే. ఆమె నమ్మింది. మిగిలినవి కూడా చస్తే ఈ ముసలిది బతకదని నాకు అప్పుడే అర్థమైంది.

లోపలికి పోయి రమ దగ్గర కూర్చున్నాను. "చేపలు సస్తున్నయి రమా. నీళ్లు తెల్లగైనయి" అన్నాను. ఆమె అన్ని రోజుల్లో మొదటిసారి గోడ మీంచి ముఖం తిప్పింది.

"స్పాంజి ఎవరన్న ముట్టిన్రా వదినా?"

నాకు తెలిసింది చెప్పాను. రమ లేచింది. మూలలో కూర్చుని కూర్చుని కాళ్లు తిమ్మిరెక్కి గోడ పట్టుకుంది. ఐలమ్మ పెద్దమ్మ వంటింట్లోంచి చూసి, "కోడలా, లేవద్దు. నలుగురు చూస్తే ఏమంటరు" అన్నది.

"చూసేటోళ్లు వచ్చి చేపలను బతికిస్తరా పెద్దమ్మా?" అన్నాను. "లేవనియ్యి."

రమ తొట్టి ముందు వంగి చూసింది. ఫిల్టరు విప్పింది. స్పాంజి దుకాణంలో కొన్ననాటిలా నీలంగా మెరుస్తోంది. ఆమె దాన్ని చేతిలో పట్టుకుని అవ్వ వైపు చూసింది. కోపంగా కాదు. పిల్ల కింద పడి దెబ్బ తగిలించుకుంటే చూసినట్టు చూసింది.

"అత్తమ్మా, మురికి మొత్తం పోయింది. గా మురికే ఈటిని బతికిస్తుండె. ఆయన ఎన్నిసార్లు చెప్పెటోడో." రాళ్లను వేలితో కదిపి, "మీరు ఎక్కువ ఏసిన తిండి గూడ లోపలనే కుళ్లింది" అన్నది.

"అంటే నేనే సంపిన్నా?" అన్నది అవ్వ. నెమ్మదిగా అడిగింది, కూర ఉప్పగా ఉందా అని అడిగినట్టు.

రమ ఆ మాట దాటేసి, గోలెంలో నిన్నటి నుంచి నిలవున్న నీళ్లు ఉన్నాయా అని అడిగింది. నిలవుంటే మందు పోతుందట. తొట్టిలో కొన్ని నీళ్లు తీసి, కొన్ని అవి పోసింది. తిండి ఒక్క గింజ కూడా వేయొద్దన్నది. తర్వాత నా వైపు తిరిగింది.

"వదినా, కోరుట్ల తొట్టిల స్పాంజి ఉన్నది గద. అది ఎవరన్న కడిగిన్రా?"

"ఎవరు కడుగుతరు? వాడే కడగాలె."

అన్నాకగానీ నేనేం అన్నానో నాకు తట్టలేదు. రమ కళ్లు నిండాయి. నేను సంచి తీసుకుని బస్టాండుకు నడిచాను.

కోరుట్లకు పోయేసరికి వర్ష ఇంట్లోనే ఉంది. డిగ్రీ చదువుతోంది, మేనమామ మీద బెంగతో కాలేజీకి పోవడం లేదు. తొట్టిలో చేపలు హాయిగా తిరుగుతున్నాయి. ఫిల్టరు విప్పితే స్పాంజి నల్లగా, జిగటగా, నీచు వాసన కొడుతోంది. ఇంకో రోజైతే ముక్కు మూసుకునేదాన్ని. ఆ రోజు మాత్రం బంగారం దొరికినట్టయింది. సగం కోద్దామని బీడీ ఆకులు కత్తిరించే కత్తెర అందుకున్నాను.

"అమ్మా, దానికి తంబాకు ఉంటది" అన్నది వర్ష.

నా చేతులు వెనక్కి తీసుకున్నాను. వాడు చెప్పినప్పుడు ఎంత మండిపడ్డానో అంతా గుర్తొచ్చింది. వర్షే చేతులు కడుక్కుని దాన్ని రెండుగా చింపింది. సగం మా తొట్టిలో ఉంచి, సగం ఆ తొట్టి నీళ్లతోనే పాల క్యానులో వేసింది. ఆరిపోతే అందులోని జీవాలు చస్తాయని, ఎండ తగలొద్దని రమ ఫోన్లో మళ్లీ మళ్లీ చెప్పింది. మూత బిగించకుండా తడి గుడ్డ కప్పాను.

బస్సులో క్యాను ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాను. కథలాపూర్‌లో ఎక్కిన ఒకామె పక్కన కూర్చుని, వాసన చూసి, "చేపల కూరనా అక్కా?" అని అడిగింది.

"కాదు. మురికి" అన్నాను. "మా తమ్మునిది."

అంతే, ఏడుపు తన్నుకొచ్చింది. వాడు పోయిన రోజు నుంచి నేను అందరితో తగవులు పడ్డాను, వంటలు చేశాను, చిన్నాయనను తిట్టాను, కానీ సరిగా ఏడవలేదు. వేములవాడ దాకా ఏడ్చాను. ఆమె ఇంకేమీ అడగకుండా నా ఒళ్లోంచి క్యాను తీసుకుని, తన ఒళ్లో ఒలకకుండా పట్టుకుంది. దిగేటప్పుడు నేను ఆమె పేరు కూడా అడగలేదు.

ఇంటికి చేరేసరికి పొద్దు వాలుతోంది. క్యాను మీది గుడ్డ తీయగానే ఐలమ్మ పెద్దమ్మ ముక్కుకు కొంగు అడ్డం పెట్టుకుంది. "సుద్ధి చేసిన ఇల్లు. మళ్ల గా కంపు నీళ్లు లోపలికి తెస్తరా?"

నేను మాటకు మాట అనబోయాను. అవ్వ చేయెత్తి ఆపింది. గడప మీంచి లేచి, క్యాను దగ్గరికి వచ్చి, లోపలికి చూసింది.

"గిది వాడు ముట్టిందేనా?"

"వాడే ముట్టిండు అవ్వా. పోయిన నెల వాడే కడిగి పెట్టిండు. గా తర్వాత ఎవ్వరు ముట్టలే."

అవ్వ చేయి లోపలికి పెట్టి స్పాంజిని పట్టుకుంది. వాడి పరుపు కాలిపోయింది. అంగీలు పోయాయి. దుప్పటిలో వాడి వాసన ఉడికి పోయింది. ఆ ఇంట్లో వాడి చేయి తగిలి, తర్వాత ఎవరూ కడగని వస్తువు ఒక్కటీ లేదు. అవన్నీ అవ్వ తన చేతులతోనే కడిగింది. ఇప్పుడు ఆ నల్లటి ముక్కను పసిపిల్ల వేలు పట్టుకున్నట్టు పట్టుకుని నిలబడింది. వేళ్ల మీంచి గోధుమరంగు నీళ్లు కారుతున్నాయి.

"రమా" అని పిలిచింది. "నువ్వు రా బిడ్డా. నువ్వే పెట్టు. నాకు తెల్వది."

కర్మ అయిన నెలలో భార్య చేయి దేని మీదా పడొద్దని అంతవరకు చెప్పింది ఆ అవ్వే. ఐలమ్మ పెద్దమ్మ వంటింట్లోకి పోయింది. రమ వచ్చి, గాజులు లేని చేయి నీళ్లలోకి దించి, కడిగినదాన్ని తీసేసి మురికిదాన్ని పెట్టింది. క్యానులో మిగిలిన నీళ్లను కూడా తొట్టిలో వంపింది. తొట్టి అంతా మసకబారింది. అవ్వ అంత శ్రద్ధగా తోమిన గాజు మీద మురికి పలచగా పరుచుకుంది. ఫిల్టరు మోటరు చప్పుడు చేస్తుంటే ముగ్గురం చూస్తూ నిలబడ్డాం.

అది మంత్రం కాదు, వెంటనే పనిచేయడానికి. మర్నాడు ఇంకొకటి చచ్చింది. రమ రోజూ కొన్ని నీళ్లు తీసి కొన్ని పోసేది. మూలకు పొమ్మని ఆమెకు ఎవరూ చెప్పలేదు. చేపలకు తిండి బంద్ కదా, అవ్వ కూడా కంచం ముందుకు రాలేదు. "అవి తిన్నంక నేను తింట" అన్నది. పచ్చి మంచినీళ్ల మీద ఉంది. నేను తిట్టాను, బతిమాలాను, దేవుడి మీద ఒట్టు పెట్టాను. చెవిటివాడి ముందు శంఖం ఊదినట్టే.

ఆ తర్వాత మూడో పొద్దున నీళ్లు కొంచెం తేటగా కనిపించాయి. తెల్లమచ్చ ఉన్న పెద్ద చేప పైన నోరు తెరుచుకుని లేదు. అడుగుకు దిగి రాళ్లను మూతితో కదుపుతోంది. దాని వెనకే మిగతావి కూడా దిగాయి. రమ చాలాసేపు చూసి, డబ్బా తీసి, చిటికెడు గింజలు వేసి వెనక్కి జరిగింది. తెలియకుండానే మేం కూడా వెనక్కి జరిగాం. మానేరు ఒడ్డున విస్తరికి దూరంగా నిలబడ్డట్టే, ఆ గదిలో తొట్టికి దూరంగా నిలబడ్డాం. అవ్వ చేతులు జోడించింది. గింజలు తేలుతూ మెల్లగా మునుగుతున్నాయి. పిట్టల మీద నమ్మకం లేదన్న నేను కూడా ఊపిరి బిగబట్టి చూశాను.

తెల్లమచ్చది పైకి వచ్చి ముట్టింది.

అవ్వ గోడకు చేరగిలబడి కూలబడింది. "తిన్నడు" అన్నది. తిన్నది అనలేదు. నేను, రమ ఒకరి ముఖం ఒకరం చూసుకోలేదు. రమ వంటింట్లోకి పోయి కంచంలో అన్నం, పప్పుచారు కలిపి తెచ్చింది. అవ్వ ఆమె చేతి నుంచే తిన్నది.

నేను కోరుట్లకు తిరిగిపోవాల్సిన రోజు ఆదివారం. వెనక సాంచలు మళ్లీ ఆడుతున్నాయి, చిన్నాయన అన్న మాట నిలబెట్టుకున్నాడు, ఆ ఒక్కదానికి మెచ్చుకోవాలి. నూలు దుమ్ము మళ్లీ తొట్టి మీద పడుతోంది. రమ బకెట్లోకి తొట్టి నీళ్లు తీసుకుని, మనోహర్ కూర్చునే చోటనే కూర్చుని, స్పాంజి తీసి ముంచింది. అవ్వ పీట తెచ్చుకుని పక్కన కూర్చుంది. రమ ఒకసారి నొక్కింది. నల్లటి నీళ్లు బకెట్లోకి దిగాయి. రెండోసారి నొక్కింది. ఇంకోసారి నొక్కబోతుంటే అవ్వ ఆమె మణికట్టు పట్టుకుంది.

"మొత్తం పిండకు బిడ్డా" అన్నది. "కొంచెం ఉండనియ్యి."